2007 ‘హాలోవీన్’ రీమేక్: సగం మంది మస్తుందంటరు, సగం మంది పాడు చేసిండంటరు. ఎవరి మాట నమ్మాలె?

మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: “అన్నా, రాబ్ జాంబీ తీసిన 2007 హాలోవీన్ చూద్దామనుకుంటున్న. దోస్తులల్ల సగం మంది సూపర్ అంటున్నరు, సగం మంది పాత సినిమా పరువు తీసిండు అంటున్నరు. ఎవరిని నమ్మాలె? ముందు 1978ది చూడాల్నా, సీదా ఇదే చూసినా నడుస్తదా? ఇంటర్ చదివే మా తమ్మునితోని కలిసి చూడొచ్చా?”

ముందు జవాబు చెప్త, ముచ్చట తర్వాత. రెండు గుంపులదీ నిజమే. ఎందుకంటే పొగిడేటోళ్లు సినిమా మొదటి సగం గురించి మాట్లాడుతున్నరు, తిట్టేటోళ్లు రెండో సగం గురించి. నువ్వు మాత్రం 1978ది ముందు చూడు. తర్వాత కొన్ని దినాలు ఆగి 2007ది చూడు. రెండిట్ల ఒకటే చూసే టైముంటే 1978ది చూసి ఊకో. తమ్ముని సంగతి ఆఖర్న చెప్త.

ఇదంత చెప్పేటందుకు నేనెవరంటే, నల్లగొండ క్లాక్ టవర్ కాడ ఒక సందుల మొదలు వీడియో క్యాసెట్లు, తర్వాత సీడీలు, డీవీడీలు కిరాయికిచ్చే షాపు నడిపినోణ్ణి. షాపు మూతపడి చాన ఏండ్లయింది, గాని హారర్ పిచ్చి పోలేదు. ఇప్పటికీ శనివారం రాత్రి మా ఇంటి మిద్దె మీద గోడకు తెల్లబట్ట కట్టి దోస్తులకు సినిమా ఏస్త. నెట్‌ల రాసే రివ్యూ వేరు, కిరాయి పైసలు కట్టినోడు డిస్కు తిరిగిచ్చుకుంట కౌంటర్ కాడ అనే మాట వేరు. ఆ రెండో రకం మాటలు నేను మస్తు విన్న. ఈ సినిమా మీద విన్నన్ని అడ్డం దిడ్డం మాటలు ఇంకే ఇంగ్లిష్ సినిమా మీదా వినలే.

మొదలు నువ్వు చూస్తున్నది ఏ హాలోవీనో చూస్కో. ఒక్కటే పేరుతోని మూడు సినిమాలున్నయి. 1978ల జాన్ కార్పెంటర్ తీసింది అసలుది. 2007ల రాబ్ జాంబీ తీసింది రీమేక్. 2018ల డేవిడ్ గార్డన్ గ్రీన్ తీసింది రీమేక్ కానే కాదు, నడుమ వచ్చిన సీక్వెల్స్ అన్నిటినీ పక్కకు పెట్టి, 1978 కథకు నలభై ఏండ్ల తర్వాత జరిగే కొనసాగింపు. నీ దోస్తులల్ల ఎవరన్న “ఆ ముసలామె తుపాకి పట్టుకొని ఇరగదీసిందిరా” అన్నడంటే, ఆయన చూసింది 2018ది. ఆయన మాటను నీ లెక్కలకెల్లి తీసెయ్. నవ్వులాటకు చెప్తలేను, ఈ సినిమా మీద లొల్లి పెట్టుకున్న ఇద్దరు వేరే వేరే సినిమాలు చూసొచ్చినోళ్లు కావడం నా కండ్ల ముందర జరిగింది.

ఇగ అసలు ముచ్చట. 1978 సినిమా ఎట్ల మొదలైతదంటే, 1963 అక్టోబర్ 31, హాలోవీన్ పండుగ రాత్రి. కెమెరా ఒక ఇంటి చుట్టూ తిరుగుతది, కిటికీల నుంచి లోపలికి తొంగిచూస్తది, వంటింట్ల కత్తి అందుకుంటది, మెట్లెక్కుతది. ఎవరి కండ్లతోని చూస్తున్నమో మనకు తెల్వది. పైన అర్రల ఉన్న పిల్లను పొడిచి, కిందికి దిగి బయటికొస్తే, అప్పుడే కారు దిగిన తండ్రి మొహం మీది మాస్కు గుంజుతడు. చూస్తే ఆరేండ్ల పోరడు, పేరు మైకేల్. జోకర్ బట్టలల్ల, చేతిల కత్తితోని, కండ్లు ఆర్పకుంట నిలబడి ఉంటడు. పొడిచింది సొంత అక్కను.

ఎందుకు పొడిచిండు? సినిమా మొత్తంల చెప్పడు. పదిహేనేండ్ల తర్వాత వాడు ఆస్పత్రి నుంచి తప్పించుకొని సొంతూరికొస్తడు. వాణ్ణి చూసిన డాక్టర్ లూమిస్ ఒక కాడ అంటడు, ఎనిమిదేండ్లు వాని మనసు అందుకుందామని చూసిన, తర్వాత ఏడేండ్లు వాడు బయట పడకుంట చూసిన అని. డాక్టరుకే దొరకలేదంటే ఇగ మనకేం దొరుకుతది? అదే ఆ సినిమా బలం. భయానికి పేరు లేదు, కారణం లేదు.

2007ల రాబ్ జాంబీ సరిగ్గ ఆ ఖాళీనే నింపిండు. మైకేల్‌ను పదేండ్ల పిల్లగాణ్ణి చేసిండు. ఇంట్ల తల్లి క్లబ్బుల డ్యాన్సర్, తల్లితోని ఉండే మొగోడు తాగుబోతు, అక్క పట్టించుకోదు, బడిల పెద్ద పోరగాళ్లు తల్లి పేరు పెట్టి ఏడిపిస్తరు. పిల్లగాడు మొదలు జంతువులను చంపుతడు, తర్వాత ఏడిపించిన పోరన్ని, తర్వాత ఇంట్ల వాళ్లను. ఉయ్యాలల ఉన్న పసి చెల్లెను ఒక్కదాన్నే ఇడిచిపెడ్తడు. తర్వాత ఆస్పత్రి, కాగితంతోని మాస్కులు చేసుకునుడు, మాటలు బందైపోవుడు, తల్లి చావు. ఇదంత అయ్యేసరికి సగం సినిమా అయిపోతది.

మా షాపు కౌంటర్ మీద విన్న మాటలల్ల ఎక్కువ సార్లు విన్నది ఏందంటే, “ఆ చిన్నప్పటి ముచ్చట బాగుందన్నా, తర్వాతది మామూలే” అని. ఎన్జీ కాలేజీ పిల్లలు అన్నరు, చౌటుప్పల్ దిక్కు లారీ తోలేటాయన అన్నడు. అమెరికాల పెద్ద పెద్ద విమర్శకులు మాత్రం అదే చిన్నప్పటి ముచ్చటను చీల్చి చెండాడిండ్రు. రాక్షసునికి కారణం చెప్తే రాక్షసుడే మిగల్లేదని వాళ్ల బాధ. మరి మనోళ్లకు అదే ఎందుకు నచ్చింది?

నాకు తోచింది చెప్త. మనం పెరిగిందే ఫ్లాష్‌బ్యాక్ మీద. మన తెలుగు దెయ్యం సినిమా ఏదన్న తీస్కో, దెయ్యం ఉత్తగ దెయ్యం కాదు. దానికి ఒక అన్యాయం జరిగి ఉంటది. ఇంటర్వెల్ తర్వాత ఆ కథ విప్పుతరు, అప్పటిదాంక భయపెట్టిన దెయ్యం మీద మనకు జాలి పుడ్తది, ఆఖరికి దాని పగ తీరుతది. ఊళ్లల్ల చెప్పుకునే దెయ్యాల కథలు గూడ అంతే. ఫలానా బాయిల ఫలానా కోడలు పడి చచ్చింది, అందుకే రాత్రిపూట ఆ తొవ్వల పోవద్దంటరు. కారణం లేని దెయ్యం మన లెక్కల లేదు. అందుకే 1978ది మొదటిసారి చూసినోళ్లు మా షాపుకొచ్చి అడిగేది ఒక్కటే: “అంత బాగనే ఉందిగని, ఇగ వాడెందుకు చంపిండు? రెండో పార్టుల చెప్తరా?” 2007ది ఆ ప్రశ్నకు జవాబిచ్చింది, కాబట్టి మనోళ్లకు కడుపు నిండినట్టయింది. నీ దోస్తులల్ల ఎవరు ఏ గుంపో తెల్సుకోవాలంటే ఒక్కటే అడుగు: వానికి కారణం కావాల్నా, వద్దా?

నా మాట అడిగితే, నాకు ఆ కారణం నచ్చలేదు. తీసిన తీరు కాదు, ఇచ్చిన కారణం. 1978 సినిమాల ఆ ఇల్లు చూడు. మంచి తెల్ల ఇల్లు, ఇస్త్రీ బట్టలేసుకున్న తల్లిదండ్రులు, కారు, చెట్లు, పొద్దుగాల పేపరు పడే వీధి. ఏ లోటూ లేని ఇంట్ల నుంచి కత్తి పట్టుకొని బయటికొచ్చిండు. భయం అక్కడుంది. రీమేక్ ఏమంటది? ఇల్లు చెడ్డది, తాగుడుంది, బీదతనముంది, తల్లి ఫలానా పని చేస్తది, కాబట్టి పిల్లగాడు ఇట్లయిండు అంటది. మరి గట్లాంటి ఇండ్లు ప్రపంచంల ఎన్ని లేవు? మా గల్లీల ఎన్ని లేవు? ఆ ఇండ్లకెల్లి పొద్దున్నే లేచి బడికి పోయి, ట్యూషన్ పోయి, పోలీసు ఉద్యోగం కొట్టిన పిల్లలను నేను చూసిన. చెడ్డింట్ల చెడ్డోడు పుట్టిండంటే అది వార్త గూడ కాదు.

అయితే జాంబీకి గూడ ఇది తెల్వనట్టు లేదు. ఒక సీనుంది. ఆస్పత్రిల ఒక ముసలి గార్డు ఉంటడు, డానీ ట్రెహో చేసిండు. చిన్నప్పటి నుంచి మైకేల్‌తోని మంచిగ మాట్లాడిన మనిషి ఆయన. తప్పించుకునే రాత్రి మైకేల్ ఆయనను గూడ ఇడిచిపెట్టడు. నీతోని మంచిగున్న గదరా అని ఆ మనిషి మొత్తుకుంటుంటే గూడ చంపుతడు. ఈ సీను మీద అభిప్రాయాలు మళ్లా రెండు ముక్కలు. కొందరు “ఇది అనవసరం, ఉత్త క్రూరం” అంటరు. నేనైతే సినిమా మొత్తంల గట్టి సీను ఇదే అంట. అప్పటిదాంక చెప్పిన కారణాలన్నిటినీ ఆ ఒక్క సీను కొట్టేస్తది. ఏడిపించినోన్ని చంపిండంటే పగ అనుకుంటం, ప్రేమగ చూసినోన్ని గూడ చంపిండంటే ఇగ లెక్క తేలదు. ఆ లెక్క తేలకపోవుడే కార్పెంటర్ సినిమా. జాంబీ అంత దూరం తిరిగొచ్చి ఒక్క నిమిషం అదే చోటికి చేరిండు. గాని అక్కడ నిలబడలే.

రెండో సగం నుంచి అసలు గడబిడ. పెద్దయిన మైకేల్ ఊరికొచ్చినంక, 1978 సినిమా మొత్తాన్ని మిగిలిన టైముల కుక్కిండు. పాతదాన్ల లారీ అనే పిల్లతోని మనం ఒక పూట మొత్తం గడుపుతం. బడికి పోతది, దోస్తులతోని నడుచుకుంట ఇంటికొస్తది, చెట్ల కంచె ఎనుక ఎవరో నిలబడ్డట్టు అనిపిస్తది, మళ్లా చూస్తే ఉండడు. పగటి ఎండల, బట్టలు ఆరేసిన దొడ్లె, ఒక్క సెకను నిలబడి మాయమైతడు. రాత్రయ్యేసరికి ఆ పిల్ల మనింటి పిల్లయితది. రీమేక్‌ల లారీని పరిచయం చేసే టైమే లేదు. పేరు తెల్సుకునే లోపలనే పరుగు మొదలైతది. “రెండో సగం ఫాస్టుగ ఉంది” అని కొందరు మెచ్చుకుంటరు గద, ఆ ఫాస్టు ఏందంటే ఇదే.

ఇంకొకటి చాన మందికి తెల్వది. లారీ మైకేల్‌కు చెల్లె అనేది 1978 సినిమాల లేదు. అది 1981ల వచ్చిన రెండో భాగంల చేర్చిండ్రు. జాంబీ రెండిటినీ కలిపిండు. అందుకే రీమేక్ మొదటినుంచే అన్న చెల్లె కోసం వెతికే కథ అయింది. అసలు దాన్ల ఆ పిల్ల మైకేల్‌కు ఏమీ కాదు. పొద్దుగాల వాని పాత ఇంటి గుమ్మం కాడికి వచ్చి తాళంచెవి పెట్టిపోయింది, వాడు లోపల నుంచి చూసిండు, అంతే. ఏ సంబంధం లేని మనిషి మీద పడ్డడంటే రేపు నా మీద గూడ పడొచ్చు. చెల్లె అన్నవంటే అది వాళ్లింటి పంచాయితీ, నేను తలుపేసుకొని పండుకోవచ్చు. 2018 సినిమా తీసినోళ్లు ఈ చెల్లె ముచ్చటను తీసి పారేసిండ్రు, మంచి పని చేసిండ్రు.

ఆకారం గూడ చూడు. 1978ల ఆ వేషం ఎక్కువ భాగం వేసిన నిక్ క్యాసిల్ మామూలు ఎత్తు మనిషి. నిమ్మళంగ నడుస్తడు, తల ఒక పక్కకు వంచి చూస్తడు. రీమేక్‌ల టైలర్ మేన్, పాత రెజ్లర్, 6 అడుగుల 8 అంగుళాలు. 2000ల వచ్చిన ఎక్స్‌మెన్‌ల సేబర్‌టూత్ ఆయననే. తలుపులు పగులుతయి, సీలింగు ఊడుతది, గోడలు విరుగుతయి. రెజ్లింగ్ చూసి పెరిగిన పోరగాళ్లకు ఈ మైకేలే ఇష్టం, అందుల తప్పు లేదు. గాని అంత ఎత్తున్నోడు వీధిల నడుస్తుంటే ఊరోళ్లు ఎందుకు గుర్తుపట్టరు అనే ప్రశ్న వస్తది. పాతదాన్ల ఆ ప్రశ్న రాదు. అక్టోబర్ 31 రాత్రి అమెరికాల పిల్లలు, పెద్దలు వేషాలేసుకొని తిరుగుతరు. పీర్ల పండుగకు మన దిక్కు పులివేషం వేసినోన్ని రంగు కింద ఎవడున్నడని ఎవరన్న ఆపి అడుగుతరా? అట్లనే వాడు మాస్కు పెట్టుకొని నడివీధిల పోయినా ఎవరూ పట్టించుకోరు.

మాస్కు ముచ్చటొచ్చింది కాబట్టి చెప్త. 1978 సినిమా మొత్తం ఖర్చే మూడు లక్షల చిల్లర డాలర్లు. అందుకే స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్‌ల కెప్టెన్ కర్క్ మొహం ఉన్న రబ్బరు మాస్కును రెండు డాలర్లలోపు కొనుక్కొచ్చి, తెల్లరంగు కొట్టి, కండ్ల రంధ్రాలు పెద్దగ కోసి వాడుకున్నరు. సినిమా కథల ఆ మాస్కు ఒక దుకాణంల దొంగిలించింది, అంతకు మించి దానికి చరిత్ర లేదు. జాంబీ ఏం చేసిండంటే, అక్క లవర్ తెచ్చిన మాస్కు అని, చిన్నప్పుడే అది పెట్టుకొని అక్కను చంపిండని, ఇంట్ల నేల కింద దాచిపెట్టిండని, పెద్దగయినంక వచ్చి తీసుకున్నడని చూపిచ్చిండు. మాస్కుకు గూడ ఫ్లాష్‌బ్యాక్ పెట్టిండు మనిషి!

“1978ది బోర్ కొట్టింది” అనేటోళ్ల సంగతి. ఈ మాటను నేను తీసిపారెయ్య. గాని వాళ్లు ఎట్ల చూసిండ్రో అడుగుత. ఆ సినిమాను వెడల్పు తెర కోసం తీసిండ్రు, ఎత్తుకు రెండు రెట్ల కంటె ఎక్కువ వెడల్పు. కెమెరామన్ డీన్ కండీ తెలివి ఏందంటే, లారీని ఒక పక్కకు పెట్టి రెండో పక్క చీకటిని ఖాళీగ ఇడుస్తడు. ఆ ఖాళీలనే తెల్ల మొహం మెల్లగ తేలుతది. క్యాసెట్ల కాలంల పాత టీవీకి సరిపోవాలని సినిమాల రెండు పక్కలు కోసేసేటోళ్లు. అంటే హంతకుడు నిలబడ్డ చోటే కోతకు పోయేది! నేను క్యాసెట్ల చూసినదానికి, తర్వాత డీవీడీల నిండు వెడల్పుతోని చూసినదానికి పొంతన లేదు, వేరే సినిమా అనిపించింది. ఇప్పుడు ఫోన్‌ల చూసేటోళ్లు రెండు వేళ్లతోని గుంజి తెర నింపుతరు గద, మళ్లా అదే కోత. పైకి కిందికి నల్ల పట్టీలుంటే ఉండనియ్, ముట్టుకోకు.

సౌండు గూడ అంతే. ఆ సంగీతం కార్పెంటరే కొట్టిండు, మన లెక్కల చెప్పాలంటే ఖండగతి, అయిదు అయిదుగ నడుస్తది. నాలుగుకు అలవాటైన చెవికి ఒక దెబ్బ ఎప్పుడూ మిగిలిపోయినట్టుంటది, అందుకే లోపల కలవరం ఆగదు. సంగీతం లేకుంట ఆ సినిమా చూపిస్తే ఒక స్టూడియో ఆఫీసరుకు భయమే కాలేదని కార్పెంటరే చెప్పుకున్నడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకో, లేకపోతే మంచి స్పీకరు పెట్టు. ఫ్యాను చప్పుడుల ఫోన్ స్పీకరు మీద చూసి బోర్ అంటే నేనేం చేస్త? 2007దాన్ల టైలర్ బేట్స్ అదే బాణీని తీసుకొని బరువు పెంచిండు, బాగనే ఉంటది, గాని ఆ సన్నటి ముల్లు లేదు.

రక్తం విషయంల మాత్రం జనం అనుకునేదానికి అసలుదానికి పొంతన లేదు. 1978దాన్ల చచ్చేది అయిదుగురు మనుషులు, రక్తం కనపడేది చాన తక్కువ. చూసినోళ్లు మాత్రం “మస్తు రక్తం ఉంటదన్నా” అని చెప్తరు. చూడంది చూసినట్టు చేసిండు ఆ మహానుభావుడు. రీమేక్‌ల చావులు మూడింతలకు తక్కువుండవు, ఒక్కొక్కటి నిమిషాలకు నిమిషాలు సాగుతది. భయం కంటె అలసట ఎక్కువొస్తది నాకైతే.

ఏది ముందు చూసినవనేది గూడ అభిప్రాయాన్ని సగం రాసేస్తది. చంద్రముఖి గుర్తు చేస్కో. మన దిక్కు మస్తు మంది 2005ల రజనీకాంత్ చంద్రముఖిని ముందు చూసిండ్రు. దానికి మూలమైన 1993 మలయాళం మణిచిత్రతాళును తర్వాతెప్పుడో చూసిండ్రు, కొందరు ఇప్పటికీ చూడలే. జ్యోతికను ముందు చూసినోనికి శోభన నిమ్మళంగ అనిపిస్తది, శోభనను ముందు చూసినోనికి జ్యోతిక కండ్లు ఎక్కువైనట్టు అనిపిస్తది. హాలోవీన్‌కూ అంతే. 2007ది ముందు చూసి 1978కి పోతే కారణం ముందే తెల్సినట్టుంటది, ఆ ఆరేండ్ల పోరన్ని చూస్తే జాలి పడ్తవు. అక్కడ జాలి పడితే సినిమా చచ్చిపోయినట్టే. అందుకే ముందు పాతది చూడమని గట్టిగ చెప్తున్న.

ఏ ప్రింట్ చూస్తున్నవో గూడ చూస్కో. 2007ది రెండు రకాలుంది. థియేటర్ల ఆడింది దాదాపు 109 నిమిషాలు, డీవీడీల వచ్చిన అన్‌రేటెడ్ కట్, అంటే రేటింగ్ తీసుకోకుంట ఇడిచింది, 121 నిమిషాలు. ఆస్పత్రి నుంచి తప్పించుకునే సీను రెండిట్ల వేరే వేరే. థియేటర్ కట్‌ల వాణ్ణి వేరే చోటికి తీస్కపోతుంటే గార్డుల మీద పడ్తడు. అన్‌రేటెడ్‌ల ఇద్దరు సిబ్బంది ఒక ఆడమనిషిని వాని గదిలకు గుంజుకొచ్చి అత్యాచారం చేస్తరు, అప్పుడు వాడు లేస్తడు. నాకు ఆ సీను అసహ్యం. కథకు ఏమీ కలపదు, ఉత్తగ కడుపుల దేవుతది. దీనికి తోడు రిలీజుకు ముందే ఒక పచ్చి ప్రింటు నెట్‌ల లీకయింది, క్లైమాక్స్ గూడ వేరే. అప్పట్ల లీకైంది చూసినోడు, థియేటర్‌ది చూసినోడు, డీవీడీ చూసినోడు ముగ్గురూ ఒక్క సినిమా గురించే అనుకుంట కొట్లాడుకున్నరు.

బూతుల సంగతి ఒక్క మాట. అమెరికా వాళ్ల తిట్లల్ల పెద్ద ఫిర్యాదు, ఈ సినిమాల ప్రతి మనిషి నోరు తెరిస్తే బూతే అని. వాళ్ల చెవులకు అది గుచ్చుకుంటది. మనకు ఇంగ్లిష్ బూతు సినిమా మొత్తం మోగినా గాలి లెక్క పోతది. అదే తిట్లు మన యాసల డబ్బింగ్ చేస్తే అర్ధగంట కూసోలేం. కాబట్టి ఆ ఫిర్యాదును అక్కడి రివ్యూలల్ల చదివితే నీకు వర్తించదని దాటెయ్.

ఆడోళ్ల అభిప్రాయం ఎవరూ అడగరు గాని, నాకు బాగ గుర్తున్నవి రెండున్నయి. మా ఇంటామె హారర్ అంటే ఆమడ దూరం ఉంటది. ఒకసారి ఈ సినిమా నడుస్తుంటే చాయ్ ఇచ్చి పోదామని వచ్చి, తల్లి ఆస్పత్రికి కొడుకును చూడవోయే సీనుల కాడ కూసున్నది. తల్లి పాత్ర షెరీ మూన్ జాంబీ, డైరెక్టర్ భార్య. ఆమె చచ్చిపోయే సీను కాగానే మా ఆమె లేచి, “ఇగ అయిపోయింది” అని పోయింది. సినిమా ఇంక సగం మీద ఉంది! ఆలోచిస్తే ఆమె చెప్పిందే కరెక్టు రివ్యూ. ఆ తల్లి కథ అక్కడితోని అయిపోయింది, దానితోని జాంబీకి సొంతంగ చెప్పాలనుకున్నది గూడ అయిపోయింది. తర్వాతదంత అప్పు తీర్చుడు. రెండోది నర్సు పని చేసే మా మరదలు మాట. “గంత ప్రమాదమైన పేషెంటు కాడ గట్లనా కాపలా ఉండేది, డ్యూటీ చార్టు లేదా?” అన్నది. నవ్వుకున్నం, గాని నిజంగనే ఆ ఆస్పత్రి దగ్గర సినిమా బలహీనం.

మిగతా స్లాషర్ (హంతకుడు ఒక్కొక్కల్లను చంపుకుంట పోయే సినిమాలు) రీమేక్‌ల పక్కన పెట్టి చూస్తే జాంబీ మీద కొంచెం గౌరవం పెరుగుతది. 1998ల గస్ వాన్ సాంట్ పాత సైకో సినిమాను షాటుకు షాటు అట్లనే దించిండు, రంగుల. ఎవరికీ అక్కర పడలే. మక్కికి మక్కి దించితే చూసేటోనికి ఏం మిగులుతది? 2003ల టెక్సాస్ చైన్‌సా రీమేక్‌కు 1974ల అసలు సినిమా తీసిన కెమెరామన్ డానియల్ పర్ల్‌నే పెట్టుకున్నరు, అది మంచిగ ఆడింది, నాకూ నచ్చింది. 2010ల నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్ రీమేక్ అయితే, అందుల హంతకుడు ఫ్రెడీ మొదట్ల నిర్దోషేమో అని ఒక మంచి అనుమానం లేపి, మళ్లా దాన్ని వాళ్లే తొక్కేసిండ్రు. బ్లాక్ క్రిస్మస్ 1974ల వచ్చింది, హాలోవీన్ కంటె ముందుదే. అందుల హంతకుడు ఎవరో, ఎందుకో ఆఖరిదాంక తేల్చరు. 2006ల రీమేక్ చేసి వానికి గూడ చిన్నప్పటి కథ కట్టిండ్రు, జాంబీకి ఒక ఏడాది ముందే. అది జాంబీదాని కాలిగోటికి సరిపోదు. అంటే కారణం చెప్పుడు ఒక్కటే తప్పు కాదు, ఎట్ల చెప్పినవనేది గూడ ఉంటది. జాంబీ పిల్లగాని ముచ్చట మనసు పెట్టి చెప్పిండు. మొత్తం సినిమా అదే తీసి, పెద్దోడు బయటికి రాంగనే ఆపేసి ఉంటే, ఇయ్యాల నువ్వు ఈ ప్రశ్న అడగకపోతుంటివి.

పైసల లెక్క అడిగేటోళ్లకు: రీమేక్‌కు 15 మిలియన్ డాలర్లు పెడ్తే 80 మిలియన్ల దాంక వచ్చినయి. తిట్టినోళ్లు గూడ టికెట్ కొనే తిట్టిండ్రు. రెండేండ్లకే, 2009ల, జాంబీ రెండో భాగం గూడ తీసిండు. అది ఇంకో పెద్ద పంచాయితీ, వేరే ప్రశ్న పెడ్తే రాస్త.

ఇగ మీ తమ్ముని సంగతి. ఇంటర్ పిల్లగాడు కాబట్టి 1978ది పక్కన కూసొబెట్టుకొని చూపియ్, ఒకటి రెండు సీన్లకు ఇబ్బంది పడ్తరు తప్ప పెద్ద నష్టం లేదు. 2007ది మాత్రం వాణ్ణి పద్దెనిమిది నిండేదాంక ఆగమను, అన్‌రేటెడ్ అయితే నువ్వు గూడ అమ్మానాయిన లేని పూట చూస్కో. పరీక్షలు దగ్గరుంటే రెండూ ఆపు, వాడు రాత్రి లైటేసుకొని పండుకుంటే కరెంటు బిల్లు నీ మీద పడ్తది.